ఆబ్సెంట్ అంటే లేకపోవడమేనా?

మొన్న మా చిన్నదానికి జ్వరమొచ్చి రెండు రోజులు బడికి పోలేదు. హాజరు పట్టీలో తన పేరు పక్కన ఆబ్సెంట్ అని పడిందట. "అంటే నేను లేనని రాసినట్టా అమ్మా?" అంది. "ఛ, అట్లా అనకూడదు" అని నోరు మూయించాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మనకు 'లేదు' అనాలంటే భయం కదా! డబ్బాలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. దీపం ఆరితే "కొండెక్కింది" అంటాం. మామయ్యగారి కోసం ఎవరైనా వస్తే "లేరు" అనం, "బయటికెళ్ళారు" అంటాం.

నిజానికి ఆబ్సెంట్ కూడా అలాంటి మాటే. అది లాటిన్ నుంచి వచ్చింది, అసలు అర్థం 'దూరంగా ఉండటం'. మా అలంపూర్ 1956 దాకా నైజాం రాష్ట్రపు రాయచూరు జిల్లాలో ఉండేది. అప్పటి ఉర్దూ కచేరీల మాట 'గైరుహాజరు' ఇప్పటికీ మన నోళ్ళలో ఉంది. దానికీ ఎదుట లేకపోవడమనే అర్థం, అసలే లేకపోవడమని కాదు.

ఇది మా ఊరికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పద్నాలుగో శతాబ్దంలో బహమనీల దాడిలో జోగులాంబ గుడి కూలిపోయిందంటారు. అమ్మవారిని పక్కనే బాలబ్రహ్మేశ్వరుడి గుడిలో దాచుకున్నారు. 2005లో కొత్త గుడి కట్టేదాకా, దాదాపు ఆరు వందల ఏళ్ళు, అమ్మవారు తన గుడికి గైరుహాజరు. అయినా పూజ ఆగలేదు, అమ్మవారు లేదని ఎవరూ అనలేదు.

శ్రీశైలం ప్రాజెక్టు వచ్చినప్పుడు కూడా అంతే. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, కూడవెల్లిలో, చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి అలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు.

మా అమ్మ పుట్టినూరు కూడా ఆ నీళ్ళలోనే పోయింది. దేవుడి గుడిని మోసుకొచ్చారు గానీ, అమ్మ పుట్టింటి గడపను ఎవరు తెస్తారు? పండక్కి పోవడానికి ఆమెకు ఊరే లేకపోయింది. కానీ ఇన్నేళ్ళలో ఆమె "మా ఊరు లేదు" అనగా నేను వినలేదు. "నీళ్ళ కింద ఉంది" అనేది. చిన్నప్పుడు ఆ మాట వింటే నవ్వొచ్చేది. ఇప్పుడు రావడం లేదు.

రాత్రి పడుకునే ముందు చిన్నదాన్ని దగ్గరికి తీసుకుని చెప్పాను. "నువ్వు లేవని కాదమ్మా. ఇంట్లో ఉన్నావని. నీ చోటు నీకే ఉంటుంది, రేపు పోయి కూర్చో."