చింతపల్లి స్టేషన్‌లో ఒక సంతకం: నిఘా సంస్థలకు కొత్త కంప్యూటర్లు ఇస్తే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ కోరుకొండ నుంచి చేస్తున్నాను. నా వెనక కనిపిస్తున్నది లక్ష్మీనరసింహస్వామి కొండ. ముందున్న రోడ్డు రాజమండ్రి నుంచి వచ్చి, గోకవరం మీదుగా రంపచోడవరం వెళ్తుంది. అంటే మనం ఇప్పుడు మన్యం గుమ్మంలో నిలబడ్డామన్నమాట.

ఈ రోజు విషయం నిఘా సంస్థల్లో పాతబడిన కంప్యూటర్ వ్యవస్థలు. వాటిని మార్చడానికీ కోరుకొండకీ ఏంటి సంబంధం అంటారా? ఈ రోడ్డు పట్టుకుని ఒక్కసారి 1922కి వెళ్దాం రండి.

ఆ ఏడాది ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు! అప్పటికి బ్రిటిష్ వాళ్ల చేతిలో టెలిగ్రాఫ్ ఉంది, రైలు ఉంది, ప్రపంచమంతా అల్లుకున్న సామ్రాజ్యం ఉంది. అయినా మన్యంలో ఏం జరగబోతోందో ముందుగా పట్టుకోలేకపోయారు.

ఎందుకంటారు? వైరు లేకా? నాకైతే అలా అనిపించదు. మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండవాళ్లకి పోడు కష్టమైంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనికి జనాన్ని తోలి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. అలాంటి సర్కారుకి కబురు చెప్పేదెవరండీ? జనం నోరు విప్పకపోతే టెలిగ్రాఫ్ ఉండి ఏం లాభం?

అక్టోబరు 15న అడ్డతీగల స్టేషన్ మీదకి వెళ్లేటప్పుడు రాజు ముందే కబురు పంపి మరీ వెళ్లారు. ఈ ముందస్తు కబుర్లనే మనవాళ్లు మిరపకాయ టపా అంటారు. చింతపల్లిలో ఇంకో సంగతి జరిగింది. ఎన్ని తుపాకులు, ఎన్ని తూటాలు పట్టుకెళ్తున్నారో స్టేషన్ రికార్డులోనే రాసి, కింద సంతకం పెట్టారాయన. ఈ సంతకాన్ని గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 2001 జులైలో ఫీనిక్స్‌లోని ఒక ఎఫ్‌బీఐ ఏజెంట్, విమానాలు నడపడం నేర్చుకుంటున్న కొందరి మీద అనుమానంతో పైకి నోట్ పంపాడు. అది చేరాల్సిన వాళ్లకి చేరలేదు. సెప్టెంబరు 11న ఏం జరిగిందో మీకు తెలిసిందే. ఆ తర్వాత కాగితాల ఫైళ్లు మానేద్దామని ‘వర్చువల్ కేస్ ఫైల్’ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. దాదాపు 17 కోట్ల డాలర్లు పోశాక, 2005లో పక్కన పడేశారు! దాని బదులు వచ్చిన ‘సెంటినెల్’ పూర్తిగా వాడకంలోకి వచ్చేసరికి 2012 అయింది.

మన దగ్గర ఆ దెబ్బ 2008 నవంబరు 26న ముంబైలో తగిలింది. హెచ్చరికలు ముందే వచ్చాయి. కానీ అన్నింటినీ ఒకచోట పెట్టి చూసే ఏర్పాటు సరిగ్గా లేదు. దాంతో 2009లో 2000 కోట్ల రూపాయలతో సీసీటీఎన్‌ఎస్‌కి కేంద్రం పచ్చజెండా ఊపింది. దేశంలోని పోలీస్ స్టేషన్లన్నీ ఒకే నెట్‌వర్క్‌లోకి రావాలన్నది దాని ఉద్దేశం. బ్యాంకు, రైలు, విమాన ప్రయాణాల లాంటి వివరాలను నిఘా సంస్థలు ఒక్కచోట నుంచి చూసేలా నాట్‌గ్రిడ్ అన్న ఆలోచనని కూడా ఆ ఏడాది డిసెంబరులోనే ప్రకటించారు.

బాగానే ఉంది కదా? ఇక్కడే అసలు చిక్కు. ఎంత పెద్ద సర్వర్ అయినా, అందులోకి వెళ్లేది కింద స్టేషన్‌లో రైటర్ కొట్టిన అక్షరమే. మన పేర్లు చూడండి. ఇంటిపేరు ఒకరు ముందు రాస్తారు, ఒకరు పొడి అక్షరంతో సరిపెడతారు. ‘లక్ష్మి’ని ఇంగ్లిష్‌లో మీ క్లాసులోనే మూడు రకాలుగా రాస్తారు. ఒక స్పెల్లింగ్‌తో వెతికితే ఇంకో స్పెల్లింగ్‌తో ఉన్న మనిషి దొరక్కపోవచ్చు. అంతకంటే ప్రమాదం, ఏ పాపం తెలియని ఇంకో లక్ష్మి దొరకొచ్చు! పాత మిషన్ మార్చి కొత్తది పెడితే తప్పు పోదు, ఇంకా వేగంగా ఊరంతా తిరుగుతుంది.

రెండోది, చూసేదెవరు? మీ జేబులో ఫోన్ ఉంది. మీరు ఎక్కడికెళ్లారో, ఎవరికి డబ్బు పంపారో దానికి తెలుసు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. అయితే 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం, దేశ భద్రత లాంటి కారణాలతో కొన్ని ప్రభుత్వ సంస్థలకి మినహాయింపు ఇచ్చే వీలు కేంద్రానికి ఉంచింది.

నిఘా వద్దని నేను అనను. ముంబైలో పోయిన ప్రాణాలు మన ప్రాణాలే. పాత కంప్యూటర్లు మార్చాల్సిందే. కాకపోతే ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు, ఎందుకు మన వివరాలు తెరిచి చూశారో ఆ కంప్యూటర్‌లో నమోదవ్వాలి. దాన్ని చెరపడం ఎవరి తరమూ కాకూడదు. ఆ విభాగంతో సంబంధం లేని వాళ్లు దాన్ని తనిఖీ చేయాలి.

సర్కారు మీద తిరగబడిన మనిషే పట్టుకెళ్లినదానికి లెక్క రాసి సంతకం పెట్టాడు. మన వివరాలు పట్టుకెళ్లే సర్కారుని ఆ పాటి సంతకం అడగడం తప్పంటారా?

మీరేమంటారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.