నల్లరేగడి మీద చెప్పు

పల్నాడు జిల్లా నకరికల్లు చుట్టుపక్కల పొలాల్లో ఎండాకాలం ఉత్తకాళ్లతో నడవడం ఒక శిక్ష. రేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. నెర్రెకీ నెర్రెకీ మధ్య మట్టిపెళ్ల ఎండి బిగిసిపోయి ఉంటుంది. పత్తి తీసేసిన చేలో కొడవలి వాలుకు తెగిన మోళ్లు నిలబడి ఉంటాయి. గట్ల మీద పల్లేరుగాయలు, డొంకల్లో సర్కారు తుమ్మ ముళ్లు. మాచర్ల, గురజాల వైపు పోతే వీటికి నాపరాయి తోడవుతుంది. ఇలాంటి నేల మీద రెండు వేల ఏళ్లుగా ఎవరు చెప్పులు తొడిగారు, ఎవరు కుట్టారు, ఎవర్ని తొడగనివ్వలేదు అని ఆరా తీస్తే ఈ ప్రాంత చరిత్ర చాలావరకు కాళ్ల దగ్గరే దొరుకుతుంది.

నకరికల్లు మండలంలోనే చేజెర్ల ఉంది. శిబి చక్రవర్తి పావురం కోసం ఒంటి మాంసం కోసిచ్చిన చోటు ఇదేనని స్థలపురాణం. అక్కడి కపోతేశ్వరాలయం వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా తిరిగి ఉంటుంది. అది మొదట బౌద్ధ చైత్యమని, తర్వాత శివాలయమైందని పురాతత్వవేత్తలు తేల్చారు. అంటే ఈ చేల మధ్య ఒకప్పుడు భిక్షువులు తిరిగారు. ఇక్కడికి ఎంతో దూరం కాని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలంనాటి విహారాలు, అమరావతిలో మహాచైత్యం ఉండేవి. అమరావతి శిల్పుల చేతిలో బుద్ధుడి గుర్తు చాలాచోట్ల రెండు పాదాలే. అరికాలిలో చక్రం చెక్కిన ఆ బుద్ధపాదాలకు చెప్పులు లేవు. ఆ పలకల మీది రాణుల కాళ్లకు బరువైన కడియాలున్నాయి గాని, వాళ్లవీ ఎక్కువగా వట్టికాళ్లే.

భిక్షువుల కాళ్ల గురించి బౌద్ధ నియమాల గ్రంథం వినయపిటకం ఎంత శ్రద్ధ పెట్టిందో చూస్తే ముచ్చటేస్తుంది. అందులోని మహావగ్గలో ఒక అధ్యాయమంతా తోలు గురించే. సోణ కోలివీసుడనే శ్రీమంతుడి కొడుకు సన్యసించి, పట్టుదలగా అటూ ఇటూ నడుస్తూ ధ్యానం చేస్తే, సుకుమారమైన ఆ పాదాలు చిట్లి నడిచిన దారి నెత్తురైంది. అది చూసి బుద్ధుడు ఒంటి పొర చెప్పులకు అనుమతిచ్చాడు. నాకొక్కడికే ఆ సౌకర్యం వద్దన్నాడు సోణుడు, దాంతో అందరికీ ఇచ్చాడు. కొందరు భిక్షువులు తెల్లవారుజామున కర్ర పావుకోళ్లు తొడుక్కుని టకటకలాడిస్తూ, గట్టిగా కబుర్లు చెప్పుకుంటూ తిరిగి ధ్యానంలో ఉన్నవాళ్లను చెదరగొట్టారు. వెంటనే పావుకోళ్లు నిషేధం.

ఆ అధ్యాయంలో నాకు మన ఊళ్ల ముచ్చటలా తోచేది చివర్లో వస్తుంది. అవంతి-దక్షిణాపథం నుంచి ఇంకో సోణుడు, కుటికణ్ణుడు, గురువైన మహాకచ్చాయనుడి విన్నపాలు మోసుకొస్తాడు. మా దగ్గర నేల నల్లది, కరుకైనది, పశువుల గిట్టలకు తొక్కుడుపడినది, ఒంటి పొర చెప్పులు చాలవు అన్నది అందులో ఒకటి. అటువంటి సీమల్లో పొరలు పేర్చి కుట్టిన మందపాటి చెప్పులు వేసుకోవచ్చని బుద్ధుడు ఒప్పుకున్నాడు. అవంతి అంటే ఉజ్జయిని ప్రాంతం, అక్కడిదీ మనలాంటి రేగడే. తొలకరికి తడిసిన డొంకలో గొడ్లు నడిచిపోయాక, నాలుగు రోజులు ఎండ కాస్తే ఆ గిట్ట గుంటల అంచులు రాయిలా తేలతాయి. వాటి మీద అరికాలు పెట్టినవాడికి ఆ విన్నపం ఎంత నిజమో ఎవరూ చెప్పక్కర్లేదు. శాస్త్రం రాసినవాళ్లు నేలను చూసి నియమం సడలించారు. ఇది తర్వాతి కాలాల్లో ఎక్కువగా కనిపించని మంచితనం.

చెప్పు ఎలా పుట్టిందో చెప్పే కథ మహాభారతం ఆనుశాసనిక పర్వంలో ఉంది. జమదగ్ని బాణాలు వేస్తుంటే రేణుక పరుగెత్తి ఏరుకొస్తోంది. మిట్టమధ్యాహ్నం ఎండకు తల మాడి, కాళ్లు బొబ్బలెక్కి ఆమె చెట్టునీడన ఆగింది. ఆలస్యమెందుకైందో విని జమదగ్ని సూర్యుడి మీదికే విల్లెత్తాడు. సూర్యుడు దిగొచ్చి గొడుగు, చెప్పులు ఇచ్చి సమాధానపడ్డాడు. ఎండాకాలంలో గొడుగు, చెప్పులు దానం చేయడం వెనక ఉన్న కథ ఇదే. పనిచేస్తూ కాళ్లు కాలిన ఆడమనిషి కోసం చెప్పులు పుట్టాయన్న మాట. ఆ రేణుకే మన ఊళ్లలో ఎల్లమ్మగా కొలువైంది. కానీ ఆ ఊళ్లలోనే కలుపు తీసే ఆడవాళ్ల కాళ్లకు చెప్పులు రావడానికి ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధం దాకా పట్టింది.

పావుకోళ్ల కథ వేరు. కొయ్య పలక, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య ఇరికే గుబ్బ, అంతే సరంజామా. తోలు అంటరానిదనుకునేవాళ్లకు కొయ్య మడికి పనికొచ్చింది. సన్యాసులు, పురోహితులు, మఠాధిపతులు తొడిగారు. రాముడి పాదుకలు సింహాసనమెక్కిన కథతో వాటికి పూజార్హతా వచ్చింది. వేళ్లతో గుబ్బను పట్టి ఉంచాలి గనుక పావుకోళ్లతో దూరం పోలేరు. దుక్కిలోకి అసలే దిగలేరు. అరుగు నుంచి బావి దాకా, గుడి మండపం నుంచి కోనేటి దాకా నడిచేవారి కోసం చేసిన వస్తువది. ఇప్పుడు బ్రాహ్మణ పెళ్లిళ్లలో కాశీయాత్ర ముచ్చటకే ఎక్కువగా బయటికొస్తున్నాయి. ఇలాగే నురుగు ప్లాస్టిక్‌తో పోతపోసిన క్రాక్స్ చెప్పులు 2002లో అమెరికాలో మొదలై మన బస్తీల ఇళ్లలోకీ వచ్చాయి. అవీ గడప దాటి ఎక్కువ దూరం పోనివాళ్లకే బాగుంటాయి.

పొలానికి పనికొచ్చింది తోలు చెప్పే. దాన్ని చేసే తీరు చూస్తే ఎంత పనితనమో తెలుస్తుంది. చచ్చిన గొడ్డు తోలును సున్నపునీళ్లలో నానేసి వెంట్రుక గీకాలి. తర్వాత తంగేడు చెక్క దంచి లంద అనే తొట్టిలో ఊరబెట్టాలి. ఊరిన తోలును సంచిలా కుట్టి, లోపల తంగేడు చెక్క, నీళ్లు నింపి వేలాడదీస్తే ఆ రసం పొరపొరకూ ఇంకుతుంది. చెప్పు తొడిగే మనిషి కాలు ఆ తోలు మీదే పెట్టించి చుట్టూ గీత గీస్తారు. దున్నపోతు తోలు రెండు మూడు వరసలు పేర్చి, ఆరెతో పొడిచి, తోలు వారుతోనే కుట్టి, బొటనవేలికి ఉంగటం పెడతారు. కొత్త చెప్పు కరుస్తుంది. అందుకని ఆముదం పట్టించి మెత్తబడేదాకా ఓపిక పట్టాలి. ఒకసారి కాలికి అలవాటుపడ్డాక తుమ్మముల్లు అడుగున దిగినా అరికాలిని అందుకోదు. షోకు ఉన్నవాళ్లు నడిస్తే చప్పుడయ్యే కిర్రుచెప్పులు కుట్టించుకునేవారు.

ఇదంతా మాదిగల పని. మోటబావికి తోలు బొక్కెన, ఎడ్లకు పట్టెడలు, రైతుకు ఏడాదికి సరిపడా చెప్పులు వాళ్లే ఇచ్చేవారు. బదులుగా రైతులు కళ్లంలో ధాన్యం మేరగా కొలిచేవారు. అంత చేసి ఇచ్చిన మనిషి, తాను కుట్టిన చెప్పులే వేసుకుని పెద్దకులాల వీధిలో నడవడానికి లేదు. విడిచి చేత్తో పట్టుకోవాలి, లేదా చంకన పెట్టుకోవాలి. తెలుగునాట ఇది ఒక్క ఊరి కట్టుబాటు కాదు. ఉత్తకాళ్ల నడక ఆరోగ్యమనీ ప్రకృతి జీవనమనీ ఎవరైనా గొప్పగా చెప్పినప్పుడల్లా నాకు ఈ చంకన పెట్టుకున్న చెప్పులే గుర్తొస్తాయి. ఆ మనిషికి చెప్పులు లేక కాదు, తొడిగే హక్కు లేక కాళ్లు కాలాయి.

ఆ బాధను కావ్యం చేసినవాడు ఈ జిల్లావాడే. వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువ 1941లో వెలువరించిన ‘గబ్బిలం’లో కథానాయకుడు చెప్పులు కుట్టుకుని బతికేవాడు. దేశపు పాదాలు కందకుండా కాపాడేవాడికి ఆ దేశం పెట్టిన తిండి ఎంత అన్న ప్రశ్న ఆ కావ్యానికి వెన్నెముక. అది అచ్చయిన డెబ్బై నాలుగేళ్లకు, ఎస్సీ ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, బహిరంగ ప్రదేశాల్లో చెప్పులు వేసుకోకుండా అడ్డుకోవడం నేరమని రాయాల్సి వచ్చింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. పార్లమెంటు చెప్పుల మాట చట్టంలో ఎక్కించిందంటే ఆ అడ్డగింత అప్పటికీ పోలేదనే.

ఉత్తకాళ్లకు నేల చేసే హాని వైద్యులు దొరల కాలంలోనే గుర్తుపట్టారు. 1842లో మదురైలో గిల్ అనే వైద్యుడు పొలం పనివాళ్ల పాదాలు ఉబ్బి, గడ్డలు కట్టి, చీముతో పాటు గింజలు రాలే జబ్బును నమోదు చేశాడు. దానికి ‘మధుర పాదం’ అని పేరొచ్చింది. ముల్లు గుచ్చుకున్న చోట మట్టిలోని సూక్ష్మజీవి లోపలికి పోయి ఏళ్ల తరబడి ఎముక దాకా తింటుంది. తడినేలలో ఉండే కొంకిపురుగు పిల్లలు కాలి చర్మం గుండానే ఒంట్లోకి పోయి రక్తం పీల్చేస్తాయి. 1920లలో రాక్‌ఫెల్లర్ సంస్థ మద్రాసు రాజధానిలో వీటి మీద పనిచేసింది. చీకట్లో నీళ్లు కట్టబోయి రక్తపింజర మీద కాలేసిన రైతు సంగతి పల్నాడులో ఏ ఊరికీ కొత్త కాదు. మెత్తటి చెప్పు దాని కోరను పూర్తిగా ఆపలేదు గాని, ఉత్తకాలి కంటే నయం.

తోలుపనిని చదువుగా మార్చిన మనిషి కూడా పాత గుంటూరు జిల్లావాడే. తెనాలి దగ్గర యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ, మద్రాసులో 1948లో నెలకొన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థను 1958 నుంచి 1971 దాకా నడిపాడు. తోలు ముట్టుకుంటే మైల అనుకునే రోజుల్లో ఆ వాసన మధ్యే ప్రయోగశాల పెట్టుకున్నాడు. పల్లె లందల దగ్గరికి సైన్సును తీసుకుపోవాలన్నది ఆయన పట్టుదల. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో చనిపోయాడు.

పల్లె లంద మాత్రం నిలవలేదు. 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీళ్లు వదిలారు, ఆ తర్వాత కరెంటు మోటార్లు వచ్చాయి. మోట పోయింది, తోలు బొక్కెన పోయింది. లారీ టైరు కోసి చేసిన చెప్పులు, వెనకే హవాయి చెప్పులు వచ్చాయి. మన దేశంలో 1931లో కలకత్తా దగ్గర మొదలైన బాటా, 1975లో కొట్టాయంలో పుట్టిన పారగాన్ సంత దుకాణాల దాకా దిగాయి. రబ్బరు చెప్పు చవక, నీళ్లకు చెడదు, కులం అడగదు. కలుపుతీసే ఆడవాళ్ల కాళ్లకు మొదటి చెప్పులు చాలావరకు ఇవే. మేర ఆగిపోయిన చర్మకారుడు అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు పక్క సెంటర్లో గొడుగు కింద కూర్చుని తెగిన పట్టీలకు కుట్లు వేసే పనికి దిగాడు. ఒక వర్గం కాళ్లు తేలికపడ్డప్పుడే ఇంకో వర్గం చేతిలో పని పోవడం ఈ కథలో బాధ కలిగించే భాగం. వరి మళ్లలో మాత్రం ఇప్పటికీ ఉత్తకాళ్లే. బురదలో ఏ చెప్పూ నిలవదు, నాట్లు అయ్యేసరికి వేళ్ల సందులు ఒరిసిపోతాయి.

ఇష్టపడి ఉత్తకాళ్లతో నడిచేవాళ్లు కూడా ఇక్కడే ఉన్నారు. శివరాత్రికి కోటప్పకొండకు కాలినడకన పోయే జనం, మండలం రోజులు చెప్పులు విడిచే అయ్యప్ప, భవానీ దీక్షాపరులు. తిరుపతి అలిపిరి పాదాల మండపంలో భక్తులు స్వామి పాదరక్షలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. ఆ నడకను నేను గౌరవిస్తాను. దీక్ష విరమించిన మర్నాడు తొడుక్కోవడానికి ఇంట్లో చెప్పులున్నవాళ్ల నడక అది.

సుఖమైన చెప్పు కొందరికి మందు లాంటిది. వెల్లూరులో పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠుతో స్పర్శ పోయిన పాదాలకు పుళ్లు పడకుండా మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు చెప్పులు వాడించారు. వాటినే ఇప్పుడు ఎంసీఆర్ చెప్పులంటున్నారు. షుగర్ వచ్చి అరికాలు మొద్దుబారినవాళ్లకు డాక్టర్లు అవే రాస్తున్నారు. అలాంటివాళ్లు గుళ్లో కాలే బండల మీద ఉత్తకాళ్లతో నడిస్తే బొబ్బ లేచిన సంగతి కూడా తెలియదు.

పిల్లల విషయానికి వస్తే లెక్క తిరగబడుతుంది. ఉదయ భాస్కర రావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు నాలుగు నుంచి పదమూడేళ్ల లోపు 2,300 మంది భారతీయ పిల్లల పాదముద్రలు తీసి 1992లో ఫలితాలు ప్రచురించారు. చదునుపాదం పాదరక్షలు వాడే పిల్లల్లో 8.6 శాతం, వాడనివాళ్లలో 2.8 శాతం. వాడేవాళ్లలోనూ ముందు మూసేసిన బూట్ల పిల్లల్లో ఎక్కువ, శాండిల్స్, చెప్పుల పిల్లల్లో తక్కువ. 1995లో 1,846 మంది పెద్దల మీద చేసిన ఇంకో పరిశీలనలో, ఆరేళ్లలోపే బూట్లు మొదలుపెట్టినవాళ్లలో చదునుపాదం పెద్దయ్యాకా ఎక్కువగానే కనిపించింది. ఆ వయసులోనే అరికాలి వంపు తయారవుతుంది.

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడి పిల్లలకు 2020లో మొదలైన విద్యాకానుక కిట్‌లో ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు వచ్చాయి. ప్రభుత్వం మారాక కిట్ పేరు మారింది, బూట్లు కొనసాగాయి. తాతల కాలంలో చెప్పులు చంకన పెట్టుకున్న ఇంటి బిడ్డ ఇప్పుడు బూట్లతో బడికి పోతోంది. దాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే ఏప్రిల్ ఎండలో సాక్సులు తొడిగి, లేసులు బిగించిన ఒకటో తరగతి పిల్ల పాదానికి గాలి ఆడదు, వేళ్లు విప్పుకోవు. అదే ఖర్చులో ఒకటి నుంచి మూడో తరగతి దాకా వేళ్లు బయటికి ఉండి మడమ వెనక పట్టీ పెట్టిన శాండిల్స్ ఇవ్వవచ్చు. ముల్లు దిగని అడుగు, కొలతకు సరిపడే పట్టీ ఉంటే చాలు. బూట్లు నాలుగో తరగతి నుంచి మొదలుపెట్టవచ్చు. వచ్చే ఏడాది టెండరు పిలిచే ముందు విద్యాశాఖవాళ్లు ఎముకల వైద్యులతో కూర్చుని ఈ ఒక్క సంగతి తేల్చుకోవాలి.