అదే కాలవ, కొత్త కథ

డిస్నీలాండ్‌లో స్ప్లాష్ మౌంటెన్ 1989లో మొదలైంది. కథేమో 1946 నాటి ‘సాంగ్ ఆఫ్ ది సౌత్’ది. నల్లవాళ్ళ బతుకుని తియ్యటి అబద్ధంగా చూపించిందని తిట్లు తిన్న ఆ సినిమాని డిస్నీ వాళ్ళు అమెరికాలో వీడియోగా అమ్మనే లేదు. రైడ్‌ని మాత్రం 2023 దాకా నడిపారు! 2020లో దాన్ని టియానా కథగా మారుస్తామన్నారు. నా లెక్కలో సబబే.

అభిమానులు ఏం ఆశించారంటే.. జారుడుకి ముందు డాక్టర్ ఫాసిలియే భయపెట్టాలని. పాత రైడ్‌లో అక్కడ నక్క, రాబందులు ఉండేవి మరి. 2024లో తెరిచి చూస్తే విలనే లేడు, పండగ కోసం వాయిద్యగాళ్ళని వెతకడమే కథ. పాత కోడు మీద కొత్త స్క్రీన్లు అతికించిన మనలాంటివాళ్ళకి ఇది తెలిసిన గోలే. జారుడు అలాగే ఉంది, ఎందుకు జారుతున్నామో మాత్రం తెలీదు.

అన్నట్టు, డిస్నీలాండ్‌లోని పాత బొమ్మల్లో చాలావరకు 1988లో మూసేసిన ‘అమెరికా సింగ్స్’ నుంచి తెచ్చినవే.