వైద్య రికార్డుల సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్ - లినక్స్

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా రాసిన వైద్య రికార్డుల వ్యవస్థను లినక్స్ కంప్యూటర్లలో తేలిగ్గా ఎక్కించుకునేలా కట్టి పంచే పని. ఇలాంటి వ్యవస్థకు డేటాబేసు, వెబ్ సర్వరు, ఫాంట్లు తోడుండాలి. దేనికి ఏ వెర్షన్ కావాలో ప్యాకేజీలోనే రాసి, డిజిటల్ సంతకం చేస్తే, ఒక్క ఆదేశంతో అన్నీ వరసగా దిగుతాయి.

డెబియన్ అనే లినక్స్ పంపిణీలో భాగంగా ఆండ్రియాస్ టిల్లె 2002లో మొదలుపెట్టిన డెబియన్ మెడ్ ఈ పనిలో ముందు నడిచింది. ఆదివాసీ కొండ ప్రాంతాలకు దగ్గరి ఉదాహరణ మాత్రం బహ్మ్ని అనే ఆసుపత్రి రికార్డుల వ్యవస్థ. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారీలో పేదలకు, ఆదివాసులకు వైద్యం అందించే జన స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి అవసరాల్లోంచి అది థాట్‌వర్క్స్ ఇంజినీర్ల చేతుల్లో రూపుదిద్దుకుంది. రోగి చరిత్రకు ఓపెన్‌ఎంఆర్‌ఎస్, ల్యాబుకు ఓపెన్‌ఎలిస్, బిల్లులకు ఓడూ: ఈ మూడింటినీ ఒకే కట్టగా అందించడమే దాని గొప్పతనం. బహ్మ్ని మొదట సెంటాస్ అనే లినక్స్ పంపిణీకి ఆర్‌పీఎం ప్యాకేజీలుగా వచ్చేది. తర్వాత డాకర్ కంటైనర్లకు మారింది. సెంటాస్ 7కు మద్దతు 2024 జూన్ 30న ఆగిపోయింది. పాత సర్వరును అలాగే నడిపే ఆసుపత్రికి భద్రతా సవరణలు అందవు. ఇది చిన్న విషయం కాదు.

అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశా సరిహద్దునున్న ముంచింగిపుట్టు వంటి మండలానికి ఇంటర్నెట్ లేకుండా ఎక్కే ప్యాకేజీలే తగినవి. ప్యాకేజీల నిల్వ (రిపాజిటరీ) నకలును పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడి సర్వరులో పెట్టవచ్చు. ప్యాకేజీ మీది డిజిటల్ సంతకం సరిచూడటానికి నెట్ అక్కర్లేదు. రికార్డులు చాలాకాలం నిలవడమూ ముఖ్యమే: వంశపారంపర్య రక్తవ్యాధి అయిన సికిల్ సెల్ ఉన్న రోగి రికార్డు బాల్యం నుంచి జీవితాంతం నిలవాలి. తెలుగు అక్షరాలకు డెబియన్‌లో లోహిత్ ఫాంటు సిద్ధంగా ఉంది. అయితే ఆదివాసీ ఒడియా, కువి భాషలు మాట్లాడేవారి పేర్లు, ఊళ్ల పేర్లు తప్పుల్లేకుండా నమోదు చేసే పని స్థానికులే చేయాలి.