మూలల్లో నలుపు

ఆ ప్రింటు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పెద్దవంగరలో ఒక పెళ్లి. తలంబ్రాలు అయ్యాక పెళ్లికూతురి వైపు చుట్టాలంతా పందిట్లో నిలబడితే తీసిన గ్రూపు ఫోటో. నాలుగు మూలలూ కాటుక పూసినంత నలుపు. వెనక వరుసలో, బెంచీ మీద ఎడమ చివరన నిలబడ్డ మేనమామ తెల్ల పంచె కనిపిస్తుంది, ముఖం లేదు. "మా మామ ఏడన్నా?" అని పెళ్లికూతురు అడిగింది.

తప్పు నాదే. సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ డీ750 కొన్నాను, అది ఫుల్‌ఫ్రేమ్, అంటే లోపల వెలుగు పట్టే సెన్సారు పెద్దది. లెన్సు మాత్రం చిన్న సెన్సారున్న పాత క్రాప్ కెమెరాదే, 18-105 మిల్లీమీటర్లది. బిగిస్తే కెమెరా దాన్ని గుర్తుపట్టి మధ్య భాగమే తీసుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లు 10కి పడిపోతాయి. వెనక గోడ, జరగడానికి చోటు లేదు. అందరూ పట్టాలని, అలా మధ్య భాగమే తీసుకునే క్రాప్ సెట్టింగు ఆపేశాను. ఎండలో స్క్రీను సరిగా కనపడలేదు.

లెన్సు లోపలికి వేసే వెలుగు గుండ్రంగా పడుతుంది, ఫ్రేమేమో పలక. ఆ గుండ్రం పలక మూలల దాకా కప్పాలి, లేకపోతే మూలలు నల్లగా మిగులుతాయి. హైదరాబాదులో ఆరో నిజాం కొలువులో ఫోటోలు తీసిన రాజా దీన్‌దయాళ్ కాలంలోనూ ఇదే లెక్క: గాజు పలక ఎంత పెద్దదైతే అంత కప్పే లెన్సు కావాలి. 1925లో లైకా కెమెరా వచ్చి సినిమా రీలును అడ్డంగా నడిపి 24×36 మిల్లీమీటర్ల ఫ్రేమును జనంలోకి తెచ్చింది. ఇప్పుడు మనం ఫుల్‌ఫ్రేమ్ అని గొప్పగా చెప్పుకునేది ఆ కొలతే.

నేను పని నేర్చుకున్నది యాషికా ఫిల్ము కెమెరా మీద. రోలుకు 36 ఫోటోలు, కడిగించడానికి వరంగల్ బస్సు. గ్రూపు ఫోటోకి 28 మిల్లీమీటర్ల లెన్సు వేస్తే పందిరంతా పట్టేది. డిజిటల్ వచ్చాక అది చెడింది. పెద్ద సెన్సారు చేయడం బాగా ఖర్చు, అందుకే 1999లో వచ్చిన నికాన్ డీ1లో చిన్నది పెట్టారు. దాని మీద 28 లెన్సు 42 లాగా చూస్తుంది. ఎంత వెనక్కి నడిచినా ఒకరిద్దరు మిగిలిపోయేవారు. ఆ లోటు తీర్చడానికే 18 నుంచి మొదలయ్యే చిన్న లెన్సులు పుట్టాయి. చిన్న సెన్సారును కప్పితే చాలు కాబట్టి తేలిక, చవక. మా పల్లెల్లో స్టూడియోలు డిజిటల్‌కి మారగలిగాయంటే వీటి పుణ్యమే, వాటిని చులకనగా మాట్లాడితే నాకు కష్టంగా ఉంటుంది. కెనాన్ 2003లో తెచ్చిన అలాంటి లెన్సులు ఆ కంపెనీ అప్పటి ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలకి అసలు ఎక్కేవి కావు. నికాన్ అప్పట్లో బిగింపు మార్చలేదు, అందుకే మావి ఎక్కుతాయి.

 ఎక్కినా మరో చిక్కుంది: ఆల్బం షీటు 12×36 అంగుళాలు. క్రాప్‌లో తీసిన ఒక్క ఫోటో షీటంతా పరిస్తే ఆ 10 మెగాపిక్సెళ్లు పలచబడతాయి, నగల నకాషీ కలిసిపోతుంది. సగం షీటుకైతే ధీమాగా వేయొచ్చు. అందుకే ఇప్పుడు గ్రూపుకి ఫుల్‌ఫ్రేమ్ లెన్సు, విడి ముఖాలకి పాత 18-105.

ఆ మేనమామ ఇంటికి పోయి, వేపచెట్టు కింద కూర్చోబెట్టి, అదే లెన్సుతో, క్రాప్ సెట్టింగు పెట్టే తీశాను. ఆల్బంలో మొదటి ఫోటో ఆయనదే.