హల్లరా, షెల్లరా? మన రెండు బియ్యం డబ్బాల వెనక కథ

తిరునిన్రవూరులో మన వాళ్ల ఏ ఇంటికి పోయినా వంటింట్లో రెండు బియ్యం డబ్బాలు ఉంటాయి. ఒకదాంట్లో పచ్చి బియ్యం, ఇంకోదాంట్లో ఉప్పుడు బియ్యం. ఉప్పుడు బియ్యాన్ని ఇక్కడ మన ఆడవాళ్లు కూడా పుళుంగల్ అనే అంటారు. పండగకీ, తద్దినానికీ పచ్చి బియ్యం. రోజు తిండికీ ఇడ్లీకీ పుళుంగల్. నెల్లూరు అవతల నుంచి కోడలై వచ్చినవాళ్లకి మొదట్లో ఈ అన్నం గొంతు దిగదు, తర్వాత అదే అలవాటు అయిపోతుంది.

బయట పెరిగిన మన పిల్లలు రెండు డబ్బాలు ఎందుకని అడుగుతా ఉంటారు. తమిళుల అలవాటు మనకి అబ్బింది అని పెద్దవాళ్లు ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజమే, కానీ అది సగమే. మద్రాసు చుట్టుపక్కల రైసు మిల్లు పెట్టాలనుకున్న ప్రతివాడూ ఏ మిషను కొనాలని తల పట్టుకున్నప్పుడు, జవాబు చాలావరకు ఈ డబ్బాల్లోనే ఉండింది. మన ఇంటి పెద్దలు కూడా ఒకప్పుడు ఊరి పక్కన చిన్న మిల్లు నడిపినవాళ్లే కాబట్టి ఇది మన కథ కూడా.

మొదట గింజ సంగతి. 100 కిలోల వడ్లలో 20 కిలోలకు పైగా ఊకే. ఊక ఒలిస్తే లోపల ముడి బియ్యం, దాని మీద సన్నటి తవుడు పొర. మిల్లు చేసే పని రెండే: ఊక ఒలవడం, తవుడు గీకడం. రోకలి కూడా ఈ రెండూ చేస్తుంది, కానీ తవుడు పూర్తిగా పోదు. దంపుడు బియ్యం ఎర్రగా, మురికిగా కనిపించేది అందుకే. కూలికి దంచే ఆడవాళ్లకి అదే జీవనం.

ఈ రెండు పనుల్నీ ఒకే దెబ్బకి చేసే మిషను హల్లర్. దాని పుట్టిల్లు ఎక్కడో తెలిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది: బ్రెజిల్. ఎవరిస్టో కొన్రాడో ఎంగెల్‌బర్గ్ అనే ఆయన 1880ల్లో కాఫీ గింజల పొట్టు తీయడానికి పనికొచ్చే మిషను తయారుచేశాడు. దాన్ని వడ్లకీ వాడొచ్చని తేలింది. 1888లో అమెరికాలోని సిరక్యూస్‌లో ఆయన పేరు మీద కంపెనీ వచ్చింది. పేటెంటు కాలం తీరాక ప్రపంచమంతా దాన్ని చూసి పోత పోసుకున్నారు. మన దగ్గర కూడా.

లోపల ఏముంది? ఒక ఇనప గొట్టం, దాంట్లో గాళ్లు తీసిన ఇనప రోలరు, పక్కన అటూ ఇటూ సర్దుకోవడానికి ఒక బ్లేడు, కింద సన్న చిల్లుల జల్లెడ. పైన తొట్టిలో వడ్లు పోస్తే రోలరు తిప్పుడుకి గింజకి గింజ ఒరుసుకొని ఊక, తవుడు రెండూ ఊడి కలిసి పొడై జల్లెడ కింద పడతాయి. బియ్యం చివర నుంచి బయటికొస్తుంది. అంతే. ఊరి కమ్మరి విప్పి చూసి అర్థం చేసుకోగల మిషను. ఆయిలింజన్‌కి బెల్టు తగిలిస్తే చాలు. 1932లో పైకారా, 1937లో మేట్టూరు జలవిద్యుత్తు వచ్చి, తర్వాత పల్లెలకి కరెంటు తీగలు పాకే కొద్దీ ఈ హల్లర్లు రోడ్డు పక్కన పుట్టుకొచ్చాయి.

షెల్లర్ అంటే వేరే లోకం. అది ఒక మిషను కాదు, ఒక వరస. ఎమెరీ పూసిన రెండు పెద్ద బల్లపరుపు చక్రాలు, కిందిది తిరుగుతుంటే మధ్యలో ఊక ఒలుస్తుంది. తర్వాత ఊకని గాలితో తోలేది ఒకటి, ఒలవని వడ్లని వేరుచేసేది ఒకటి, చివర తవుడు గీకే కోన్ పాలిషర్లు. బర్మాలో తెల్లవాళ్ల కాలంలో కట్టిన పెద్ద మిల్లులన్నీ ఈ రకమే. స్కాట్‌లాండ్ కిర్కాల్డీలోని డగ్లస్ అండ్ గ్రాంట్ లాంటి కంపెనీలు మిషన్లు పంపేవి. ఆ మిల్లులు తమ ఊకనే కాల్చి ఆవిరి పుట్టించుకొని నడిచేవి.

ఎక్కువ బియ్యం ఏది ఇస్తుంది? పుస్తకాల్లో జవాబు తేలిక: హల్లర్లో 100 కిలోల వడ్లకి 60 నుంచి 65 కిలోలు, మంచి షెల్లర్ వరసలో 67, 68. ఈరోజు సర్కారు వడ్లు ఆడించే మిల్లు ఇవ్వాల్సిన లెక్క కూడా పచ్చి బియ్యానికి 67, ఉప్పుడు బియ్యానికి 68. అలాంటప్పుడు ఎవడైనా హల్లర్ ఎందుకు కొంటాడు? మిల్లువాళ్లకి లెక్క రాదనా?

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. మా పనిలో, ఏ ఇన్‌పుట్ ఇచ్చి పరీక్ష చేశారో చెప్పకుండా రిజల్టు చెప్తే ఎవరూ నమ్మరు. ఇక్కడ కూడా అదే అడగాలి. హల్లర్లో పోసినవి పచ్చి వడ్లా, ఉడికిన వడ్లా?

వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, ఎండబెడితే లోపలి పిండి బిగుసుకుంటుంది. ఎండకో వానకో గింజలో పడిన సన్న పగుళ్లు అతుక్కుపోతాయి. ఊక కొంచెం నోరు తెరుస్తుంది. ఇలాంటి గింజ హల్లర్ మొరటుతనాన్ని తట్టుకుంటుంది, నూక తక్కువ పడుతుంది. పచ్చి గింజకి ఆ బలం లేదు, అదే హల్లర్లో పటపటా విరుగుతుంది. అందుకని పుళుంగల్ తినే చెంగల్పట్టు జిల్లాలో హల్లర్ అంత చెడ్డ బేరం కాదు. పచ్చి బియ్యం తినే కోస్తా తెలుగు జిల్లాల్లో చెడ్డ బేరమే. ఒకే మిషను, రెండు రిజల్టులు. కన్నడలో దీన్ని కుసుబలక్కి అంటారు. నేను స్కూల్లో నేర్చుకున్నది ఆ మాటే. మంగళూరు వైపు వాళ్లు కూడా అదే తింటారు.

దీంట్లో పోయేది నూక ఒక్కటే అయితే ఇంత రాయను. మెరుగు పెట్టిన పచ్చి బియ్యంలో బి1 విటమిను దాదాపు ఉండదు, తవుడుతో పోతుంది. వడ్లు ఉడికించినప్పుడు మాత్రం ఆ విటమిను తవుడు పొర నుంచి గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తర్వాత ఎంత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. విటమిను అనే మాట కూడా పుట్టకముందే ఇది మలయాలో కనిపించింది. అక్కడ పచ్చి తెల్ల బియ్యం తినే చీనా గని కూలీలకి బెరిబెరి, ఉప్పుడు బియ్యం తినే తమిళ కూలీలకి లేదు. 1905లో కౌలాలంపూర్ పిచ్చాసుపత్రిలో డాక్టర్ ఫ్లెచర్ సగం మందికి ఒక బియ్యం, సగం మందికి ఇంకో బియ్యం పెట్టి చూశాడు. జబ్బు పడింది పచ్చి బియ్యం తిన్నవాళ్లే.

మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరి ఎక్కడ ఉండిందో చూస్తే, ఉత్తరాన మన తెలుగు కోస్తాలో. విశాఖపట్నం, గోదావరి వైపు. మిల్లులు వచ్చాయి, పచ్చి బియ్యం తెల్లగా దిగింది, ఇంట్లో దాన్ని మూడుసార్లు కడిగి గంజి వార్చి తిన్నారు. కూనూరులోని న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్‌లో ముందు మెకారిసన్, ఆయన తర్వాత ఐక్రాయిడ్ ఈ లెక్క తీశారు. 1941లో ఐక్రాయిడ్, కృష్ణన్ కలిసి అచ్చువేసిన పరిశోధన ఈ బెరిబెరి ప్రాంతంలోని పసిపిల్లల చావుల మీదే. తల్లి పాలలోనే బి1 లేకపోతే, చూడటానికి బాగానే ఉన్న కొన్ని నెలల బిడ్డ గుండె ఆగి చనిపోతుంది. తల్లికి పెద్దగా జబ్బు కనిపించదు కూడా. దిష్టి తగిలిందనో గాలి సోకిందనో అనుకున్న చావులు ఎన్ని ఉంటాయో. కృష్ణకి ఉత్తరాన ఉన్న మన చుట్టాల వంశవృక్షాల్లో ‘చిన్నప్పుడే పోయారు’ అని రాసిన వరసలు చూసినప్పుడల్లా నాకు ఈ పేపరు గుర్తొస్తుంది. ఏ ఒక్క బిడ్డ గురించీ మనం గట్టిగా చెప్పలేం. ఇక్కడ దక్షిణాన మాత్రం, అదే హల్లర్ పక్కన ఒక కాగు ఉండబట్టి మన వాళ్లు బతికిపోయారు. ఆ కాగు ఎవరూ విటమిను కోసం పెట్టలేదు.

1934లో గాంధీ వార్ధాలో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టారు. జె.సి. కుమారప్ప దాన్ని నడిపారు. మిల్లు బియ్యం వద్దు, దంపుడు బియ్యం తినండి అని వాళ్ల ప్రచారం. ఆరోగ్యం ఒక కారణం, దంచే ఆడవాళ్ల కూలి ఇంకో కారణం. ఆ ఆలోచనే 1958 రైస్ మిల్లింగ్ ఇండస్ట్రీ రెగ్యులేషన్ చట్టంలోకి దూరింది. కొత్త మిల్లుకి పర్మిట్, ఉన్న మిల్లుకి లైసెన్సు. పదేళ్లు తిరగకుండానే సర్కారు మాట మారింది. దేశంలో తిండి గింజల కరువు, హల్లర్లో పోయే ప్రతి కిలో నష్టమే. 1960ల నడుమ ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో తంజావూరు జిల్లా తిరువారూరు, పశ్చిమ గోదావరి తాడేపల్లిగూడెం లాంటి చోట్ల జపాన్, జర్మనీ మిషన్లతో మోడర్న్ రైసు మిల్లులు కట్టారు. తిరువారూరు మిల్లులో 1967లో మొదలైన చిన్న లాబొరేటరీయే పెరిగి పెరిగి ఈరోజు తంజావూరులో ఉన్న జాతీయ సంస్థ అయ్యింది. మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు వేడి నీళ్లలో కొన్ని గంటలే నానబెట్టే పద్ధతి తెచ్చారు. అంతకుముందు చల్లనీళ్లలో రెండు మూడు రోజులు నానేసి వడ్లు కంపు కొట్టేవి. ఆ కంపు వల్లే మన వాళ్లలో చాలామంది పుళుంగల్ ముట్టుకోలేదని నా అనుమానం.

ఈ కొత్త మిల్లుల్లో ఊక ఒలిచేది రబ్బర్ రోలర్లు. రెండు రోలర్లు ఎదురెదురుగా, ఒకటి వేగంగా ఒకటి నిదానంగా తిరుగుతాయి. గింజ మధ్యలో పడితే అరచేతుల్లో నలిపినట్టు ఊక ఊడుతుంది, గింజ విరగదు. చిక్కల్లా రబ్బరు అరుగుదల. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది కాబట్టి మధ్యలో రెండింటినీ తారుమారు చేసి బిగించాలి.

1970 నుంచి లైసెన్సు కావాలంటే హల్లర్ వదిలి షెల్లర్‌కో రబ్బర్ రోల్‌కో మారాలని నిబంధన వచ్చింది. మన ఇంట్లో అప్పుడు పెద్ద వాదనే జరిగిందని చెప్తారు. మొత్తం వరస కొత్తది పెడదామని పెదనాయన. వద్దని తాత. తాత వాదన నాకు నచ్చుతుంది. హల్లర్‌కి ఒక్క మూట వడ్లు తెచ్చినవాడు తన వడ్లు తానే పోయించుకొని, తన బియ్యం, తన తవుడు గోతంలో కట్టుకొని పోతాడు. షెల్లర్ వరసకి కడుపు పెద్దది. దాన్ని నింపడానికే మూటలు మూటలు కావాలి, నీ వడ్లూ నా వడ్లూ కలిసిపోతాయి. మా దగ్గరికి వచ్చేది తలమీద మూటతో వచ్చేవాళ్లు, లారీలు కాదు అని తాత అన్నాడంట. పుస్తకాల్లోని 67, 65 లెక్కలో ఈ మాటకి గడి లేదు.

చివరికి చేసింది తమిళనాడులో చాలామంది చేసినదే. ముందు ఒక రబ్బర్ రోల్ షెల్లర్ కొన్నారు, పాత హల్లర్‌ని వెనక పాలిషర్‌గా ఉంచుకున్నారు. ఊక ఒక పక్కకి, తవుడు ఒక పక్కకి పడసాగింది. ఊకతో కలవని తవుడుకి నూనె మిల్లుల్లో గిరాకీ. కాకపోతే అది ఒకట్రెండు రోజుల్లోనే ముక్కిపోతుంది, వెంటనే పంపాలి. మన ఊరి పూసలార్ చేతిలో డబ్బు లేక గుడిని మొత్తం మనసులోనే కట్టుకున్నాడని పెరియపురాణం చెప్తుంది కదా, మిల్లు పెట్టేవాళ్లకి కూడా ఆ గుణం కొంచెం ఉండాలి. మిషను కొనకముందే ఊక ఎటు పోతుంది, తవుడు ఎవరు కొంటారు, నీళ్లు ఎక్కడివి, కళ్లం ఎంత, అన్నీ మనసులో నడిపి చూసుకోవాలి.

1997లో ఆ చట్టమే రద్దయ్యింది. తిరువళ్లూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడే. మన మిల్లు అప్పటికే మూతపడింది, ఏరి కింది పొలాలు ప్లాట్లు అవుతా వచ్చాయి. వ్యాపారం రెడ్ హిల్స్ వైపు చేరింది. అక్కడి మిల్లులకి నెల్లూరు వైపు నుంచి వడ్లు వస్తాయి. ఇప్పుడు కొనేవాళ్లు చూసేది రాళ్లు తీసే మిషను, నల్ల గింజని కెమెరాతో పట్టి గాలితో ఊదేసే కలర్ సార్టర్, ముఖ్యంగా డ్రైయరు.

డ్రైయరు గురించి ఎవరూ పెద్దగా రాయరు. ఉడికిన వడ్లు కళ్లంలో ఆరబోసి, కాళ్లతో గీతలు తీస్తూ గంటకోసారి తిరగేసి, మబ్బు పడితే పరుగున కుప్పచేసేది మనుషులు, రాత్రి కూడా. రెడ్ హిల్స్ మిల్లుల్లో అప్పుకి కట్టుబడి ఆ పని చేసిన ఇరుళర్ కుటుంబాలను అధికారులు వెట్టి నుంచి విడిపించిన సంగతి పేపర్లలో వచ్చింది. వేడిగాలి డ్రైయరు కొంటే ఆ పని పోతుంది, ఆ కూలీ పోతుంది. అది మంచో చెడో ఆ కుటుంబాలనే అడగాలి.

మన మిల్లుకీ చిన్న కళ్లం ఉండింది. మిగిలిన లెక్కల పుస్తకంలో రబ్బర్ రోలర్ల ఖర్చు, కరెంటు బిల్లు, తవుడు అమ్మిన డబ్బు అన్నీ వివరంగా ఉన్నాయి. కళ్లం పనివాళ్ల దగ్గర మాత్రం ‘కూలి’ అని ఒక అంకె, పేర్లు లేవు. పెద్దవాళ్లలో ఎవరికైనా వాళ్ల పేర్లు, ఊర్లు గుర్తుంటే నాకు ఒక ఫోన్ చేయండి, వచ్చి రాసుకుంటాను.