ఉప్పల్ భగాయత్: పేరులో మిగిలిన తోట

తరి, ఖుష్కి, బాగాయత్ అనే రెవిన్యూ మాటలు మీకు కొత్తవి కావు. బాగాయత్ అంటే తోట భూమి. హైదరాబాదుకు తూర్పున, మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్ ఉంది. పక్కన నాచారంలో ఏనాడో పారిశ్రామిక వాడ వెలిసింది. భగాయత్‌లో ఇప్పుడు మెట్రో రైలు డిపో, ప్లాట్ల లేఅవుటు కనిపిస్తాయి.

పట్టా మనదైనా, ప్రజా ప్రయోజనం కోసమైతే సర్కారు తీసుకోవచ్చునని 1894 నాటి భూసేకరణ చట్టం చెప్పింది. నిజాం రాజ్యానికి వేరే చట్టం ఉండేది. 1959లో ఈ చట్టమే తెలంగాణకూ వచ్చింది. రోడ్డుకో, కాలువకో, బడికో అంటే ఎవరు కాదంటారు? చిక్కల్లా, ఏది ప్రజా ప్రయోజనమో తేల్చేదీ సర్కారే కావడం. రైతుకు దక్కినదల్లా 30 రోజుల్లో అభ్యంతరం చెప్పుకునే హక్కు. అదీ 1923లో చేర్చినదే. అత్యవసరం అని రాస్తే ఆ విచారణ కూడా తప్పించవచ్చు.

1961లో ఒక తీర్పు వచ్చింది. కాన్పూరులో బట్టల మిల్లు యంత్రాల భాగాలు చేసే కంపెనీకని భూమి తీసుకుంటే, సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తయారయ్యే సరుకు జనానికి పనికొస్తే చాలదు, ఆ కట్టడమే జనానికి నేరుగా ఉపయోగపడాలన్నది. మరుసటి ఏడే పార్లమెంటు చట్టాన్ని సవరించి కంపెనీలకు దారి తెరిచింది. అంత తొందర నష్టపరిహారం చెల్లింపులో ఎన్నడైనా చూశామా?

మళ్ళీ ఉప్పల్‌కు వద్దాం. అక్కడ భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి 1,000 గజాల ప్లాటు ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఎకరమంటే 4,840 గజాలు కదా! రోడ్లకూ పార్కులకూ కొంత పోతుంది, నిజమే. కాని నగరాభివృద్ధి సంస్థ 2019లో అక్కడి ప్లాట్లు వేలం వేస్తే గజం 73,900 రూపాయల దాకా పలికింది. 2021లో లక్ష దాటింది. డిపో అందరిదీ, సందేహం లేదు. వేలంలో కొన్నవాడి మేడ ఎవరి ప్రయోజనమో మీరే చెప్పండి.

2014 జనవరి 1 నుంచి కొత్త చట్టం అమలైంది. ప్రైవేటు కంపెనీకైతే నూటికి 80 మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 మంది ఒప్పుకోవాలి. భూమి పోయి బతుకు దెరువు పోయే కౌలుదారు, కూలీ కూడా లెక్కలోకి వస్తారు. తెలంగాణలో 2017 నాటి సవరణతో కొన్ని పనులకు సాంఘిక ప్రభావ విచారణ మినహాయించే వీలుంది, అది గుర్తుంచుకోండి.

నోటిఫికేషను వెలువడితే 60 రోజుల్లోగా కలెక్టరుకు అభ్యంతరం రాసి ఇవ్వండి. నోటిమాట చెల్లదు. పహాణీలో మీ పేరు, విస్తీర్ణం, చెట్లు, బావి సరిగా ఉన్నాయో చూసుకోండి. ఇచ్చిన కాగితం నకలు మీద ముట్టినట్లు ముద్ర, తేదీ వేయించుకోండి.